రూలు నిలబెట్టిందీ, దాటిందీ ఆవిడే!

దుర్గాబాయి దేశ్‌ముఖ్ గురించి చదివినప్పుడల్లా నాకొకటి విచిత్రంగా ఉంటుంది. రూలంటే అంత పట్టుదల ఉన్న మనిషి అన్ని రూల్సు ఎలా దాటారా అని!

1909లో రాజమండ్రిలో పుట్టారావిడ. 1923 కాకినాడ కాంగ్రెస్ మహాసభల్లో వలంటీరు. ఖద్దరు ఎగ్జిబిషన్ గుమ్మం దగ్గర డ్యూటీ. టిక్కెట్టు లేకుండా వచ్చిన నెహ్రూగారినే ఆపేసిందా పధ్నాలుగేళ్ల పిల్ల! టిక్కెట్టు కొన్నాకే లోపలికి వదిలింది.

మరి ఆ పిల్లే, ఎనిమిదో ఏట జరిగిన పెళ్లిని ఊహ తెలిశాక కాదనుకుంది. 1930లో ఉప్పు చట్టాన్ని ధిక్కరించి జైలుకెళ్లింది. ఇంగ్లీషు చదువు వద్దని బడి మానేసిన ఆవిడే తర్వాత డిగ్రీలు తెచ్చుకుని మద్రాసులో లాయరయ్యారు. 1937లో ఆంధ్ర మహిళా సభ పెట్టి, చదువు ఆగిపోయిన ఆడవాళ్లని పరీక్షలకి కూర్చోబెట్టారు. రాజ్యాంగ సభలో సభ్యురాలయ్యారు. ఆ రాజ్యాంగం వయసొచ్చిన అందరికీ ఓటిచ్చింది. ఆ ఓట్లతోనే 1952 ఎన్నికల్లో ఆవిడ ఓడిపోయారు!

అయినా ఇంట్లో కూర్చోలేదు. 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకి తొలి అధ్యక్షురాలయ్యారు. 1981లో కన్నుమూశారు.

ఆలోచిస్తే ఇందులో విడ్డూరం ఏమీ లేదనిపిస్తుంది నాకు. టిక్కెట్టు రూలు పెద్దవాళ్లకీ చిన్నవాళ్లకీ ఒకటే. దాన్ని నిలబెట్టారు. బాల్యవివాహం, ఉప్పు చట్టం బలహీనుల మెడకే ఉచ్చులు. వాటిని తెంపుకున్నారు. మన ఇళ్లలోనూ ఆడపిల్లకో రూలు, మగపిల్లాడికో రూలు ఉంటాయి కదా! ఏది నిలబెట్టాలో, ఏది దాటాలో తేల్చుకోడానికి ఆవిడ కొలత ఒక్కటి చాలు.