సర్ రొనాల్డు రాసు: సికింద్రాబాదు దోమ, కలకత్తా పిచ్చుక

మన సికింద్రాబాదు చెంతనే, బేగంపేటలో, ఒక పాత కట్టడము కలదు. చలిజ్వరమున వణకినవారందఱును దానికి ఋణపడియున్నారు. అందు పనిచేసిన వైద్యుడే సర్ రొనాల్డు రాసు.

ఆయన 1857 మే 13వ తేదీన అల్మోరాలో జనించెను. తండ్రి సైన్యాధికారి. బాలునకు చిత్రలేఖనమునందును కవిత్వమునందును మక్కువ. వైద్యము తండ్రి కోరిక. 1881లో భారత వైద్యశాఖయందు జేరెను. అప్పటికే 1880లో లావెరాను అను ఫ్రెంచి వైద్యుడు మలేరియా రోగుల రక్తమున నొక సూక్ష్మజీవిని కనుగొనియుండెను. అది యొకరినుండి మఱియొకరి కెట్లు సోకునో తెలియదు. దోమను శోధింపుమని 1894లో లండనునందు మాన్సను పండితుడు రాసునకు జెప్పెను.

1895లో రాసు సికింద్రాబాదు వచ్చెను. ఎన్ని దోమలను కోసిచూచినను ఫలము లేదు. అవి తగిన జాతివి కావు. 1897 ఆగస్టు వచ్చెను. ఉక్క భరింపరానిది. పంకా గాలికి దోమ తునకలు ఎగిరిపోవునని దానిని నిలిపివేయించెను. చెమటచే సూక్ష్మదర్శినియొక్క మరలు త్రుప్పుపట్టెను. హుసేను ఖాను అను రోగి, కుట్టిన దోమ కొక అణా చొప్పున పుచ్చుకొని, చుక్కల రెక్కల దోమలకు తన దేహము నప్పగించెను. (ఈతని పేరును మఱువకుండుట న్యాయము.) ఆగస్టు 20వ తేదీన అట్టి దోమ కడుపుగోడయందు నల్లని రేణువులుగల కణములు గానవచ్చెను.

సగము పనియే యైనది, అంతలో బదిలీ! మలేరియా అరుదైన రాజపుతానాకు బంపిరి. 1898లో కలకత్తా చేరగా, ప్లేగు టీకాలకు బెదరిన జనులు వ్రేలిరక్త మిచ్చుటకును ఒడబడరైరి. అప్పుడు రాసు పక్షులను బట్టెను. పక్షులకును మలేరియా గలదు. పిచ్చుకలు కొన్ని ఆ పరాయిజీవిని రక్తమున మోయుచునే యెగురుచుండును. అట్టి పిచ్చుకను గుట్టిన దోమలో ఆ జీవి పెరిగి, కడుపు వీడి, లాలాజల గ్రంథులు చేరుటను జూలైలో గాంచెను. ఆ దోమలను ఆరోగ్యముగల పిచ్చుకలపై విడువగా, 28 పక్షులలో 22 టికి వ్యాధి సోకెను. దోమలు చచ్చిన నీటిని త్రాగుటచే జ్వరము వచ్చునని మాన్సను తలచియుండెను. కాటుననే వచ్చునని పిచ్చుకలు తేల్చెను. మనుష్యునిపై చేయ జంకవలసిన పరీక్ష యది.

మనుష్యుల మలేరియాను అనాఫిలీసు దోమయందు తుదిదాక జూపినవారు ఇటలీ దేశపు గ్రాస్సీ మొదలగు పండితులు, అదియు 1898లోనే. ఘనత యెవరిదని కటువైన వివాదము సాగెను. అందు రాసు ఔదార్యము జూపలేదని చెప్పక తప్పదు. 1902లో నోబెలు బహుమానము రాసునకు దక్కెను. 1932 సెప్టెంబరు 16వ తేదీన ఆయన లండనులో మృతినొందెను.