తుపానులో దొరికిన శాంతి: జాన్ న్యూటన్ జీవితం

న్యూటన్ అనగానే మన మనవలు యాపిల్ పండు కథ చెబుతారు. నేను వ్రాయబోయేది ఆ శాస్త్రవేత్త గురించి కాదు, అమేజింగ్ గ్రేస్ కీర్తన రచించిన జాన్ న్యూటన్ గురించి. ఆ కీర్తనను భక్తితో పాడేవారిలో చాలామందికి, దాని రచయిత ఒకప్పుడు మనుషులను అమ్మే ఓడకు కెప్టెన్ అన్న సంగతి తెలియదు.

ఆయన 1725లో లండనులో జన్మించాడు. తండ్రి సరకు ఓడ కెప్టెన్. ప్రార్థన నేర్పిన తల్లి, కుమారునికి ఏడేళ్లు నిండకుండానే క్షయతో మరణించింది. పదకొండో ఏటనే సముద్రయానం మొదలైంది. 1744లో నౌకాదళం వారు బలవంతంగా పట్టుకుపోయారు. పారిపోబోయి దొరికి కొరడా దెబ్బలు తిన్నాడు. తరువాత పశ్చిమ ఆఫ్రికాలో ఒక బానిసల వర్తకుని వద్ద తిండికి కూడా ముఖం వాచి బ్రతికాడు. నోరు విప్పితే దైవదూషణే.

1748 మార్చిలో గ్రేహౌండ్ అనే ఓడలో స్వదేశానికి వస్తుండగా రాత్రివేళ పెద్ద తుపాను పట్టుకొంది. ఓడ ప్రక్క చెక్కలు ఊడి నీరు లోపలికి వచ్చేసింది. పైకి ఎక్కబోతున్న న్యూటన్‌ను కత్తి తెమ్మని కెప్టెన్ వెనక్కి పంపాడు. ఆయన బదులు పైకి వెళ్లిన మనిషిని అల ఎత్తుకుపోయింది. పంపులు కొట్టీ కొట్టీ ఒళ్లు స్వాధీనం తప్పాక, గంటల తరబడి చుక్కాని పట్టుకొని నిలబడ్డాడు. తల్లి చెప్పిన దేవుడు అప్పుడు గుర్తుకు వచ్చాడు. ఓడలోని మైనం, కలప నీటికంటె తేలికైనవి కావటం వల్ల అది మునగలేదు. సుమారు నాలుగు వారాలకు ఐర్లండు తీరం చేరారు. బ్రతికినంతకాలం ఆ రోజును ఆయన ఉపవాస ప్రార్థనలతో గడిపేవాడు.

అయితే నా మనస్సులో ముల్లులా గుచ్చుకొనేది తరువాతి భాగం. మారుమనస్సు పొందాక కూడా న్యూటన్ బానిస ఓడలను వదలలేదు. 1750 నుండి 1754 వరకు కెప్టెన్‌గా మూడు ప్రయాణాలు చేశాడు. ఆదివారాలు నావికులకు ప్రార్థన జరిపేవాడు, తీరిక వేళల్లో లాటిన్ చదివేవాడు. అదే ఓడ అడుగున సంకెళ్లతో ఆఫ్రికన్లు ఉండేవారు. చావు భయం తీరిన మనిషికి ప్రక్కవాని ఏడుపు వినబడటానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. భక్తుల చరిత్రలు వ్రాసేవారు ఈ సంగతిని దాటవేస్తుంటారు; అది న్యాయం కాదని నా అభిప్రాయం.

1754లో హఠాత్తుగా మూర్ఛ వచ్చి పడిపోవటంతో సముద్రం మానుకొన్నాడు. మరుసటి ఏడాది లివర్‌పూల్ రేవులో, వచ్చే ఓడలను తనిఖీ చేసే కస్టమ్స్ ఉద్యోగం దొరికింది. అంటే కొన్నాళ్లు మన వర్గంవాడే! ఆ కొలువులో ఉంటూనే గ్రీకు, హీబ్రూ నేర్చాడు. గురువు పదవికి ఏళ్ల తరబడి తిరస్కరణలే ఎదురైనా, చివరకు 1764లో ఆల్నీ గ్రామంలో పాదిరి అయ్యాడు. 1773 నూతన సంవత్సర ఆరాధన కోసం వ్రాసినదే ఆ కీర్తన.

1785లో విల్బర్‌ఫోర్స్ అనే యువ పార్లమెంటు సభ్యుడు, రాజకీయాలు వదిలేద్దామా అన్న సందిగ్ధంలో రహస్యంగా ఆయన వద్దకు వచ్చాడు. పార్లమెంటులోనే ఉండి దేవుని సేవ చెయ్యమని న్యూటన్ సలహా ఇచ్చాడు. 1788లో, ఓడ దిగిన 34 ఏళ్లకు, బానిస వ్యాపారంలో తాను కళ్లారా చూసిన ఘోరాలను, తన పాత్రనూ ఒప్పుకొంటూ ఒక చిన్న పుస్తకం ప్రచురించాడు. విచారణల్లో సాక్ష్యం కూడా చెప్పాడు.

చూపు మందగించినా ఆయన ప్రసంగాలు మానలేదు. బ్రిటిషు పార్లమెంటు బానిసల వ్యాపారాన్ని నిషేధించిన చట్టం 1807 మార్చిలో వచ్చింది. అదే సంవత్సరం డిసెంబరు 21న, 82వ ఏట, న్యూటన్ లండనులో కన్నుమూశాడు.