కొలిమి నుంచి కారు దాకా: సోయిచిరో హోండా

కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా కడపకు పోయే దారిలో ఒక గంట నిలబడితే చాలు, హోండా అనే పేరు పదిసార్లు కళ్లబడుతుంది. అది కంపెనీ పేరని అందరికీ తెలుసు. ఒక కమ్మరి కొడుకు ఇంటిపేరని ఎరిగినవాళ్లు తక్కువ.

సోయిచిరో హోండా 1906 నవంబరు 17న జపానులో, హమమత్సు దగ్గరి ఒక పల్లెలో పుట్టాడు. మన పల్లెల్లో బండి చక్రాలకు ఇనుప పట్టా వేసే కొలిమి లాంటిదే వాళ్ల నాయనదీ. ఊళ్లోకి మొదటిసారి మోటారుకారు వచ్చిననాడు ఆ పిల్లవాడు దాని వెంట పరుగెత్తి, నేలమీద కారిన నూనె వాసనకు మైమరచిపోయాడట. చదువు మీద ధ్యాస తక్కువ. 1922లో టోక్యోలో ఒక రిపేరు షాపులో చేరితే, మొదట్లో యజమాని బిడ్డను ఆడించడమే పని! 1928లో హమమత్సుకు తిరిగొచ్చి తానే షాపు నడిపాడు. 1936లో కారు పందెంలో దిగి ప్రమాదంలో గాయపడ్డాడు.

తర్వాత పిస్టన్ రింగులు చేయబోతే అవి పనికిరాలేదు. లోహాల సంగతి తనకు తెలియకపోవడమే లోపమని గ్రహించి, ముప్పై ఏళ్ల వయసులో సిగ్గుపడకుండా సాంకేతిక కళాశాల బెంచీమీద కూర్చున్నాడు. డిప్లొమా రాలేదు గాని రింగు వచ్చింది. యుద్ధంలో బాంబులు, 1945లో భూకంపం ఆ ఫ్యాక్టరీని దెబ్బతీశాయి. 1946లో సైన్యం వదిలేసిన చిన్న ఇంజన్లను సైకిళ్లకు బిగించి మళ్లీ మొదలుపెట్టాడు. 1948లో హోండా మోటార్ కంపెనీ ఏర్పడింది.

ఇంతలో అసలు గండం వచ్చింది. కార్లు చేసే కంపెనీలు కొన్ని ఉంటే చాలు, కొత్తవాళ్లు వద్దంటూ ప్రభుత్వం చట్టం తేబోయింది. హోండా అధికారులతో గట్టిగా వాదులాడాడు. చట్టం రాకముందే కారు బయటికి తేవాలని పట్టుబట్టాడు. అగ్నిమాపక బండ్లకు కేటాయించిన ఎరుపు రంగు కోసం కూడా ఆ కంపెనీ పోరాడవలసి వచ్చింది. 1963లో ఎస్-500 స్పోర్ట్స్ కారు వచ్చింది. ఆ చట్టం మాత్రం నెగ్గలేదు.

1964లో ఎస్-600 వచ్చింది. 606 సి.సి. ఇంజను, నాలుగు కార్బ్యురేటర్లు, నిమిషానికి 8,500 చుట్లు, 57 గుర్రాల బలం. 1,489 సి.సి. ఉన్న మన అంబాసిడర్ ఇంజను అంతకు మించలేదు! వెనక చక్రాలకు మోటారు సైకిలు మాదిరి గొలుసులు. చూస్తే బొమ్మ, తొక్కితే కందిరీగ. ఆ పాత జపాను కార్లను జనం నేటికీ ముద్దుచేసేది ఇందుకే. లేమిలోంచి పుట్టిన పనితనం వాటిలో కనబడుతుంది.

ఆయనలో లోపం లేదా? ఉంది, మొండితనం. ఇంజనును గాలితోనే చల్లబరచాలని పట్టుబట్టాడు. 1968లో ఫ్రాన్సు పందెంలో అలాంటి కారు నడుపుతూ జో ష్లెసర్ మరణించాడు. చివరికి కుర్ర ఇంజనీర్ల మాట విని నీటి పద్ధతికి ఒప్పుకున్నాడు. 1972లో సివిక్ వచ్చింది. 1973లో పదవి వదిలేశాడు. 1991 ఆగస్టు 5న కన్నుమూశాడు.

కోయంబత్తూరులో మన తెలుగు మేధావి జి.డి. నాయుడు కూడా 1952లో ఇద్దరు కూర్చునే చౌక కారు చేశాడు. లైసెన్సు దొరకక అది అక్కడే ఆగింది. రెండు దేశాల్లోనూ కాగితం అడ్డొచ్చింది. ఒకచోట కారు ముందు పరుగెత్తింది, ఒకచోట కాగితం గెలిచింది. మిత్రులారా, మన సీమ కొలిముల్లోనూ అలాంటి చేతులున్నాయి. వాటి ముందు కాగితం అడ్డుపెట్టకుండా చూడటం రేపు ఆఫీసు కుర్చీల్లో కూర్చోబోయే మన బాధ్యత.