రేడియో గరగర పోగొట్టిన మేజర్ ఆర్మ్‌స్ట్రాంగ్



ప్రత్యేక సంచికకు ఒక ప్రముఖుని జీవితం రాయమని కార్యదర్శి గారు కోరారు. దేశనాయకుల గురించి రాసేవారు మనలో చాలామంది ఉన్నారు. అందుచేత నేను రేడియో మనిషిని ఎంచుకున్నాను. పోస్టాఫీసులో లైసెన్సు రుసుం కట్టి రేడియో విన్న తరం మనది. ఆకాశం ఉరిమితే వార్తల నిండా గరగర, పక్కింట్లో మోటారు వేస్తే పాట నిండా బరబర. అది రేడియోకు పుట్టుకతో వచ్చిన జబ్బని సరిపెట్టుకున్నాము. అలా సరిపెట్టుకోని వ్యక్తి ఎడ్విన్ హోవర్డ్ ఆర్మ్‌స్ట్రాంగ్.

ఆయన 1890 డిసెంబరు 18న న్యూయార్కులో జన్మించారు. కుర్రతనంలోనే యాంకర్స్‌లోని తమ ఇంటి ఆవరణలో ఎత్తైన స్తంభం నిలబెట్టి, ఏరియల్ కట్టి, దూరపు సంకేతాలు వినేవారు. మనం హామ్‌లు అనే ఔత్సాహిక రేడియో వారి కోవకు చెందినవారన్నమాట.

1912లో కొలంబియా విశ్వవిద్యాలయంలో చదువుకుంటూనే మొదటి ఆవిష్కరణ చేశారు. వాల్వు నుంచి బయటికి వచ్చే శక్తిలో కొంత భాగాన్ని తిరిగి దాని ముఖద్వారానికే పంపితే ధ్వని ఎన్నో రెట్లు పెరిగింది. సముద్రం ఆవలి సంకేతాలు కూడా వినిపించాయి. అయితే ఆ తిప్పి పంపడం మోతాదు మించితే మాట వంకరపోయి, సెట్టు కీచుమని కూత పెడుతుంది. ఆ కూత ఎందుకు వస్తుందో ఆయన అర్థం చేసుకున్నారు. వాల్వు తానే తరంగాలు పుట్టిస్తోందని, దానితో ప్రసార యంత్రమే తయారు చేయవచ్చని గ్రహించారు.

పేటెంటు ఖర్చులకు తండ్రి డబ్బు ఇవ్వలేదు, ముందు చదువు పూర్తి చేయమన్నారు. అందువల్ల ఆర్మ్‌స్ట్రాంగ్ తన సర్క్యూటు బొమ్మను 1913 జనవరి 31న నోటరీ చేత ధ్రువీకరింపజేసుకున్నారు. ఈ తేదీని గుర్తు పెట్టుకోమని మనవి.

మొదటి ప్రపంచయుద్ధ కాలంలో ఆయన పారిస్‌లో అమెరికా సైన్యపు సిగ్నల్ విభాగంలో పనిచేశారు, మేజర్ అయ్యారు. 1918లో అక్కడే సూపర్ హెటిరోడైన్ పద్ధతి కనిపెట్టారు. ఏ స్టేషను తరంగం వచ్చినా ముందు దానిని ఒకే స్థిరమైన పౌనఃపున్యానికి మార్చి, అక్కడ బలపరచడం ఇందులోని కిటుకు. మనం విన్న వాల్వు సెట్లు, ట్రాన్సిస్టర్లు చాలావరకు ఈ పద్ధతివే. 1923 డిసెంబరులో మేరియన్‌ను వివాహమాడారు. ఆమె ఆర్.సి.ఎ. కంపెనీ అధికారి డేవిడ్ సార్నాఫ్ వద్ద కార్యదర్శిగా పనిచేసేవారు. పెళ్లికానుకగా ఆమెకు చేతితో మోసుకెళ్లగల సూపర్ హెటిరోడైన్ రేడియోను ఇచ్చారు.

ఈలోగా మొదటి ఆవిష్కరణ కోర్టుకెక్కింది. ట్రయోడ్ వాల్వుకు ఆద్యుడైన లీ డి ఫారెస్ట్ అది తనదేనన్నారు. 1912 ఆగస్టులో టెలిఫోన్ యాంప్లిఫయర్ మీద పనిచేస్తుండగా కూత వినబడినట్లు ఆయన సహాయకుని నోటుపుస్తకంలో నమోదై ఉంది. అప్పట్లో వారికి అది వదిలించుకోవలసిన పీడ మాత్రమే. అయినా 1934లో అమెరికా సుప్రీంకోర్టు డి ఫారెస్ట్ పక్షానే తీర్పు చెప్పింది. ఆర్మ్‌స్ట్రాంగ్ ఇంజనీర్ల సంఘం తనకిచ్చిన పతకాన్ని తిరిగి ఇచ్చివేయబోతే సంఘం వారు పుచ్చుకోలేదు. తోటివారి దృష్టిలో ఆవిష్కర్త ఆయనే.

ఇక అసలు గరగర సంగతి. మామూలు మీడియం వేవ్ ప్రసారంలో మాటను బట్టి తరంగం ఎత్తు హెచ్చుతగ్గులవుతుంది. పిడుగూ మోటారూ కూడా ఆ ఎత్తునే కదిలిస్తాయి. కనుక మాట వెంట గరగర వస్తుంది. ఎత్తును మార్చకుండా పౌనఃపున్యాన్ని మార్చి మాటను పంపవచ్చు. కాని దానివల్ల ధ్వని వికృతమవడమే తప్ప లాభం లేదని జాన్ కార్సన్ అనే గణితవేత్త 1922లో తేల్చారు. ఆర్మ్‌స్ట్రాంగ్ వినలేదు. కార్సన్ లెక్క ఇరుకైన బాటకు సంబంధించినది. ఈయన బాటను బాగా వెడల్పు చేశారు. రిసీవర్లో తరంగం ఎత్తును సమంగా కత్తిరించే ఏర్పాటు పెట్టారు. ఎత్తుతో పాటు గరగరా తెగిపోయింది. అదే ఎఫ్.ఎం. 1933 డిసెంబరు 26న పేటెంట్లు వచ్చాయి.

1935 నవంబరు 5న న్యూయార్కులో ఇంజనీర్ల సభలో దానిని వినిపించారు. యాంకర్స్‌లోని ఒక హామ్ మిత్రుని ఇంటి నుంచి ప్రసారం జరిగింది. గ్లాసులో నీళ్లు పోయడం, కాగితం నలపడం సైతం ఉన్నది ఉన్నట్లు వినిపించాయి.

అంతకుముందే, ఎంపైర్ స్టేట్ భవనంలో జరుగుతున్న ఆయన పరీక్షలను ఆర్.సి.ఎ. అదే సంవత్సరం నిలిపివేయించింది. ఆయన సొంత సొమ్ముతో న్యూజెర్సీలోని ఆల్పైన్‌లో స్టేషను కట్టుకున్నారు. రెండో ప్రపంచయుద్ధంలో తన ఎఫ్.ఎం. పేటెంట్లను సైన్యానికి రాయల్టీ లేకుండా వాడుకోనిచ్చారు. 1945లో ప్రభుత్వం ఎఫ్.ఎం. స్థానాన్ని పై పౌనఃపున్యాలకు మార్చడంతో, జనం కొనుక్కున్న లక్షలాది సెట్లు పనికిరాకుండా పోయాయి. రాయల్టీ ఎగ్గొట్టారంటూ 1948లో ఆర్.సి.ఎ. మీద దావా వేశారు. వాయిదాల మీద వాయిదాలు నడుస్తుండగానే 1950లో ఆ పేటెంట్ల గడువు తీరిపోయింది. సొమ్ము కరిగిపోయింది, ఆరోగ్యం చెడింది.

1953 నవంబరులో కోపంలో భార్య చేతి మీద ఇనుప ఊచతో కొట్టారు. ఆమె తన సోదరి ఇంటికి వెళ్లిపోయారు. ఎన్నో ఏళ్లు వెన్నంటి నిలిచిన ఇల్లాలు. 1954 జనవరి 31న, ఆ నోటరీ ముద్ర పడిన నాటికి సరిగ్గా 41 ఏళ్లకు, ఆమెకు పశ్చాత్తాపం తెలుపుతూ ఉత్తరం రాసిపెట్టి ఆర్మ్‌స్ట్రాంగ్ తన ప్రాణం తానే తీసుకున్నారు.

కథ అక్కడితో ఆగలేదు. మేరియన్ గారు ఆ కాగితాలన్నీ చేతికెత్తుకున్నారు. 1954 చివర ఆర్.సి.ఎ.తో సుమారు పది లక్షల డాలర్లకు రాజీ కుదిరింది. మిగతా కంపెనీల మీద ఒక్కొక్కటిగా వ్యాజ్యం నడిపి, 1967లో మోటరోలా మీద చివరి కేసు గెలిచారు. భర్త పోయిన 13 ఏళ్లకు ఎఫ్.ఎం. ఆయనదేనని న్యాయస్థానాల్లో రుజువైంది. మన దేశంలో 1977లో మద్రాసులో ఆకాశవాణి ఎఫ్.ఎం. మొదలైంది.

గుమాస్తాగా బతుకంతా ఫైళ్ల మధ్య గడిపిన నాకు ఈ జీవితంలో తోచినది ఒకటే. న్యాయం మన పక్షాన ఉండటం వేరు, అది మన చేతికి అందేదాకా నిబ్బరంగా ఉండటం వేరు. ఎరియర్స్ కోసమో, ఫిక్సేషన్ కోసమో ఏళ్ల తరబడి తిరుగుతున్నవారు మనలోనూ ఉన్నారు. వారు ఒంటరిగా కుమిలిపోవద్దు. ఇంట్లో వారికి కాగితాలు చూపించండి, సంఘానికి వచ్చి మాట్లాడండి. కోపాన్ని ఇంటి గడప దాటి లోపలికి రానీయకండి. ఆ మహానుభావుడు ప్రపంచం చెవిలోని గరగరను తీసివేశారు. ఆయన మనసులోని గరగరను తీసే వారు చివరి రోజున పక్కన లేకపోయారు.