గుండెకు ఇంధనం చూపినవాడు
మీ గుండె కొట్టుకునేది ఏటీపీ అనే ఇంధనంతోనే. దాన్ని 1929లో హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి కండరాల్లో కనుగొన్నది మన యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టారు. ఇద్దరు అన్నదమ్ములను జబ్బు బలిగొంది. మద్రాసులో వైద్యం చదివి, పరిశోధనకు అమెరికా వెళ్లారు. 1948లో, 53 ఏళ్లకే గుండె ఆగి కన్నుమూశారు.

అడ్రినలిన్ తాకగానే గుండె కణాలు ఏటీపీ నుంచే వేగం పెంచే సంకేతాన్ని తయారుచేసుకుంటాయని తర్వాత తేలింది. బీటా బ్లాకర్లు దానికి కళ్లెం వేస్తాయి. ముక్కుదిబ్బడకు వాడే ఫినైలెఫ్రిన్ లాంటి మందులు రక్తనాళాలను బిగించి బీపీ పెంచొచ్చు.

దర్శి వైపు మిరప కోతల వేళ ఘాటుకు ముక్కు దిబ్బడేసిందా? బీపీ, గుండెజబ్బు ఉంటే మెడికల్ షాపులో జలుబు మాత్ర కొనేముందు డాక్టర్‌ను అడగండి. వాడుతున్న బీటా బ్లాకర్‌ను సొంతంగా ఆపొద్దు.