శ్రీ మాదరి భాగ్యరెడ్డివర్మగారు

ఆది ఆంధ్ర శబ్దమును మన సోదరులు నిత్యమును వాడుచున్నారు గాని, ఆ పేరు బెజవాడ మహాసభలో వెలసినదని యెరిగినవా రరుదు. దానికి కారకులు హైదరాబాదు వాస్తవ్యులగు భాగ్యరెడ్డివర్మగారు. వారి చరిత్రమును, ముఖ్యముగా విద్యావిషయమున వారు చేసిన కృషిని, సంగ్రహముగా విన్నవించుచున్నాము.

వర్మగారు 1888వ సంవత్సరము మే 22వ తేదీన మాలకులమున జన్మించిరి. తలిదండ్రులు రంగమాంబ, వెంకయ్యగారలు. తొలిపేరు భాగయ్య. రెడ్డి శబ్దము శైవగురువువలనను, వర్మ బిరుదము ఆర్యసమాజమువారివలనను వచ్చినవి. బాల్యమున నొక బారిస్టరు నింట కొలువుండి, అచ్చటనే చదువుపై మక్కువ గొనిరి. 1906లో జగన్మిత్రమండలిని స్థాపించి హరికథలతోను, భజనలతోను పేటలలో ప్రబోధము సాగించిరి. 1911లో మాన్యసంఘ మేర్పడెను. మద్యపానమును, జోగినీ దురాచారమును మాన్పుటకు వారు పడిన శ్రమ వేరొక వ్యాసమునకు చాలును.

పాఠశాలలను గూర్చి కొంత విరివిగా చెప్పవలెను. నిజాము రాజ్యమున రాజభాష ఉర్దూ. పేటలలోని బిడ్డ లింట పలుకునది తెలుగు. ఇంటిమాట వినబడని బడికి బిడ్డ పోడు, పోయినను నిలువడు. ఇది గ్రహించి వర్మగారు తెనుగుననే చదువు చెప్పించిరి. ఆ పాఠశాలల సంఖ్య 26 వరకు పెరిగెను. తుదకు ప్రభుత్వమువారే వానిని స్వీకరించిరి.

కృష్ణాతీరమున కష్టము వేరువిధముగా నుండెను. 1855లో ఆనకట్ట పూర్తియై డెల్టా సస్యశ్యామల మయ్యెను. ఆ పొలములలో నాట్లు వేసి కోతలు కోసిన కూలీల బిడ్డలకు మాత్రము బడి దూర మయ్యెను. గ్రామపాఠశాల లనేకము దేవాలయమునందో, చావడియందో, అగ్రవర్ణముల వీధియందో యుండెడివి. బడి యందరిదని కాగితముపై నున్నను, ఆ వీధిలో అడుగిడ రానివానికి దానివలన ఫలమేమి? గుడివాడలో సేవాశ్రమము నడపిన శ్రీ గూడూరు రామచంద్రరావుగారి వంటివారు ఈ కొరత తీర్ప యత్నించిరి.

1917 నవంబరు 4, 5, 6 తేదీలలో బెజవాడయందు మైలవరము రాజావారి నాటకశాలలో ప్రథమ పంచమ మహాసభ జరిగెను. అధ్యక్షులు వర్మగారు. ప్రతినిధులు లోనికి వత్తురేమోయను భీతిచే కనకదుర్గాలయమును మూసివేసిరట! అధ్యక్షులు మొదట సభ పేరునే ఆక్షేపించిరి. పురాణములందు పంచమజాతి లేదనియు, తాము దేశపు మూలవాసులనియు వాదించి, ఆది ఆంధ్రు లనిపించిరి. శాస్త్ర మభ్యసించిన మేము దీనికొక్కటి చేర్చుచున్నాము: మనుస్మృతి దశమాధ్యాయమున నాలుగే వర్ణములు, అయిదవది లేదని స్పష్టముగా నున్నది. నాలుగింటితో ముగిసిన వరుసలో అయిదవదాని కెక్కడిది పూరణప్రత్యయము?

పేటలకు బడులు, మంచినీటి నూతులు కావలెనని సభవారు ప్రభుత్వమును కోరిరి. వేరుబడి వేర్పాటును స్థిరపరచునని కొంద రాక్షేపింతురు. ఆ మాటలో సత్యము లేకపోలేదు. కాని సామాన్యపాఠశాల తలుపు తెరచువరకు బిడ్డ యీడు ఆగదు గదా! వేరుబడి రాజమార్గము కాదు, ఏరు దాటుటకు తెప్ప యని మా యభిప్రాయము. తరువాత మద్రాసు లేబరు శాఖవారు పేటలలో పాఠశాలలు నెలకొల్పిరి. వానిలో ఓనమాలు దిద్ది ఉద్యోగములు చేసిన వారనేకులు.

1922లో మద్రాసు ప్రభుత్వము ఆది ఆంధ్ర నామము నంగీకరించెను. 1931 జనాభా లెక్కలలో లక్షలాది జనులు ఆ పేరు వ్రాయించుకొనిరి. ఆ సంవత్సరముననే వర్మగారు భాగ్యనగర్ పత్రికను ప్రారంభించిరి. అంతకు ముందు 1930లో లక్నోలో జరిగిన అఖిలభారత నిమ్నజాతుల సభకు వారే అధ్యక్షులు. 1939 ఫిబ్రవరి 18వ తేదీన, ఏబది యొకటవ యేట, వారు పరమపదించిరి.