25 అంగుళాల జనరల్

అమెరికాలోని బ్రిడ్జ్‌పోర్ట్ ఊళ్లో ఒక వడ్రంగికి 1838 జనవరి 4న కొడుకు పుట్టాడు. పేరు చార్లెస్ స్ట్రాటన్. పుట్టినప్పుడు 4 కిలోలకు పైనే ఉన్నాడు. ఆరు నెలల దాకా బాగానే పెరిగి, ఆ తర్వాత ఆగిపోయాడు. నాలుగేళ్లు నిండినా ఎత్తు 25 అంగుళాలే. మాటకు, తెలివికి మాత్రం ఏ లోటూ లేదు.

1842లో పి.టి. బార్నమ్ అనే ప్రదర్శనల వ్యాపారి వారానికి 3 డాలర్లకు తల్లిదండ్రులను ఒప్పించి అతణ్ణి న్యూయార్క్ తీసుకుపోయాడు. పాట, ఆట, అనుకరణ నేర్పించి, జనరల్ టామ్ థంబ్ అని పేరు పెట్టాడు. థంబ్ అంటే బొటనవేలు. ఐదేళ్లు నిండని పిల్లవాణ్ణి పదకొండేళ్లవాడని ప్రకటించాడు. పసివాడు చిన్నగా ఉంటే టికెట్టు ఎవరు కొంటారు? ఆ అబద్ధం మాకు నచ్చదు. అయినా చార్లెస్ ఉత్త వింతగా మిగిలిపోలేదు, మంచి నటుడయ్యాడు. 1844లో విక్టోరియా రాణిని కలిశాడు. రాణికి వీపు చూపకుండా వెనక్కి నడుస్తూ బయటికి రావాలి. చిట్టి కాళ్లతో వెనకబడిపోతుంటే గిరుక్కున తిరిగి కాస్త పరుగెత్తి, మళ్లీ రాణి వైపు తిరిగేవాడట. ఆ హడావిడికి రాణిగారి కుక్క మొరిగితే చేతికర్ర పట్టుకుని దానితో కత్తియుద్ధమే చేశాడని బార్నమ్ రాసుకున్నాడు.

ఎందుకు పెరగలేదో అప్పుడు ఎవరూ చెప్పలేకపోయారు. మెదడు అడుగున బఠాణీ గింజంత ఉండే పీయూష గ్రంథి పెరుగుదల హార్మోన్‌ను చాలినంత ఇవ్వలేదని తర్వాతి వైద్యులు భావించారు. 18 ఏళ్లకు సుమారు 83 సెంటీమీటర్లు, 21కి 89, చివరికి 102. మామూలుగా ఎదుగుదల ఆగిపోయే వయసు దాటాక కూడా కొద్దికొద్దిగా పెరిగాడన్నమాట. ఎప్పటికప్పుడు కొలిచి రాశారు గనుకే ఈ సంగతి మనకు తెలిసింది.

మన పిల్లలకు ఇక్కడే చిక్కు. బదిలీ రాగానే సామాను లారీ ఎక్కుతుంది, ఎత్తు రాసిన ఆరోగ్య కార్డు పాత బడిలోనే ఉండిపోతుంది. కొత్త ఊరి డాక్టరుకు ఒక్క కొలత చాలదు, ఏడాదికి ఎంత పెరిగారో కావాలి. నాలుగేళ్లు దాటిన బిడ్డ ఏడాదికి 4, 5 సెంటీమీటర్లు కూడా పెరగకపోతే చూపించాల్సిందే. పొట్టిగా ఉన్నవాళ్లందరికీ జబ్బు ఉన్నట్టు కాదు. అమ్మానాన్నల పోలికా కావచ్చు. తేల్చేది రక్తపరీక్షలు, చేతి ఎక్స్-రే.

చికిత్స 1950ల చివర మొదలైంది. మొదట్లో చనిపోయినవారి గ్రంథుల నుంచి హార్మోన్ తీసేవారు. దానివల్ల కొందరికి ప్రాణాంతకమైన మెదడు జబ్బు రావడంతో 1985లో అమెరికాలో ఆపేశారు. ప్రయోగశాలలో బాక్టీరియా సాయంతో తయారైన హార్మోన్‌కు అదే ఏడాది అనుమతి వచ్చింది. సాధారణంగా రోజూ చర్మం కింద చిన్న ఇంజెక్షన్, అదీ ఏళ్ల తరబడి. ఎముకల కొసలు మూసుకుపోకముందే మొదలుపెట్టాలి.

చార్లెస్‌కు ఇవేవీ అందలేదు. 1863లో తనలాగే పొట్టిగా ఉన్న లవీనియా వారెన్‌ను పెళ్లాడాడు. కొత్త దంపతులకు అధ్యక్షుడు లింకన్ వైట్‌హౌస్‌లో విందు ఇచ్చాడు. అంతకుముందే బార్నమ్ దివాలా తీస్తే, అతని కోసం మళ్లీ యూరప్ వెళ్లి ప్రదర్శనలిచ్చాడు. 1883 జూలై 15న, 45వ ఏట చనిపోయాడు. బ్రిడ్జ్‌పోర్ట్‌లో సమాధి దగ్గర పొడవాటి స్తంభం మీద అతని నిలువెత్తు విగ్రహం ఉంది. నిలువెత్తు అంటే, అతని ఎత్తే.